ఆఖరి ఉమ్మడి రిటర్ను

పెళ్లయినవాళ్లలో ఒకరు పోతే, పోయిన ఏడాదికి మాత్రం ఇద్దరూ కలిసే పన్ను రిటర్ను వేయొచ్చు. జనవరి రెండున పోయినా, డిసెంబరు ముప్పై ఒకటిన పోయినా ఒకటే. కాగితం పైభాగాన పెద్ద అక్షరాలతో "మరణించారు" అని రాసి, పేరూ తేదీ వేయాలి. కింద భర్త సంతకం ఉండాల్సిన చోట, నేను బతికున్న భార్యనని రాసి నేనే సంతకం చేయాలి. మా ఆయన లెన్ 1983 డిసెంబరు పద్నాలుగున పోయాడు. కాబట్టి ఆ ఏడాది మొత్తానికీ ప్రభుత్వం దృష్టిలో నాకు మొగుడున్నట్టే. ఈ సంగతి ఫిబ్రవరిలో మా ఊరి పన్నుల మనిషి ట్రెక్స్‌లర్ చెప్పాడు. ఎందుకో తెలియదు, అది విన్న రోజు చాలా వారాల తరువాత మొదటిసారి కడుపునిండా తిన్నాను.

మాది ఫ్యూనరల్ హోమ్, పోయినవాళ్లని సిద్ధం చేసి సాగనంపే చోటు. ఊళ్లో పిల్లలు చావుల ఇల్లు అంటారు. కింది అంతస్తులో పోయినవాళ్లు, పై అంతస్తులో మేము. లెన్ వాళ్ల తాత స్లొవాకియా నుంచి గనుల పనికి వచ్చి, గనుల్లో పోయేవాళ్లను చూసి చూసి ఈ పని మొదలుపెట్టాడట. తరువాత వాళ్ల నాన్న స్టీఫన్ హుడాక్, ఆయన తరువాత లెన్. మామగారిని నేను కూడా లెన్‌లాగే పాప్ అని పిలిచేదాన్ని. అత్తగారు నేను కాపురానికి రాకముందే పోయింది. నేను చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టేదాన్ని. మాకు పిల్లల్లేరు.

పోయేనాటికి లెన్‌కి ముప్పై మూడేళ్లు. రెండేళ్లుగా వారానికి మూడు రోజులు నలభై మైళ్ల అవతల యూనివర్సిటీకి కారులో వెళ్లి మాస్టర్స్ డిగ్రీ చదువుతున్నాడు. దుఃఖంలో ఉన్నవాళ్లతో ఎలా మాట్లాడాలో నేర్పే చదువని, మన పనికి పనికొస్తుందని పాప్‌కి చెప్పాడు. అది పచ్చి అబద్ధం. లెన్ చదువుతున్నది హైస్కూలు పిల్లలకు జీవశాస్త్రం చెప్పడానికి. జూన్‌లో పట్టా చేతికి రాగానే ఇద్దరం ఈ ఇల్లు వదిలి, డెలవేర్ నది వైపు ఎక్కడో ఒక ఊళ్లో ఉద్యోగం చూసుకుని వెళ్లిపోవాలన్నది మా ఆలోచన.

"మనిషి ఒంట్లో ఏ నరం ఎక్కడుందో నాకు తెలుసు బెర్నీ. ఇన్నాళ్లూ ఒక్కరికీ చెప్పకుండానే అయిపోయింది. వినేవాళ్లెవరూ ఊపిరి పీల్చేవాళ్లు కాదు" అని నవ్వేవాడు. ఆ నవ్వు కోసమే నేను సరే అన్నాను. వాళ్ల నాన్నకు చెప్పే పని మాత్రం నా నెత్తిన వేయబోతే ఒప్పుకోలేదు. నవంబరులో ఒక ఆదివారం వంటింట్లో దాని మీదే పోట్లాడుకున్నాం. నువ్వు చెప్తే ఆయన కేకలు వేయడు అన్నాడు. మీ నాన్న, నీ నోటితో నువ్వే చెప్పుకో అన్నాను. క్రిస్మస్ అయ్యాక చెప్తానన్నాడు. క్రిస్మస్‌కి పదకొండు రోజుల ముందు, వంతెన దగ్గర రోడ్డు మీద కంటికి కనబడని మంచుపొర మీద కారు జారింది.

మా పనిలో ఒక పద్ధతుంది. సొంతవాళ్లు పోతే మనం చేయి వేయకూడదు, పక్క ఊళ్లో ఇదే పని చేసేవాళ్లని పిలవాలి. వాళ్లు వచ్చారు కూడా. పాప్ వాళ్లకి వరండాలోనే కాఫీ ఇచ్చి, వచ్చినందుకు సంతోషమని చెప్పి పంపేశాడు. తరువాత కింది గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. ఆరు గంటల పాటు బయటికి రాలేదు. ఎవరినైనా సిద్ధం చేసేముందు ఇంటివాళ్లని అడిగి ఫొటో తెప్పించుకోవడం పాప్ అలవాటు. ఫొటో చూడకుండా దువ్వెన పట్టకూడదని లెన్‌కి చిన్నప్పుడే చెప్పాడట. ఆ రోజు నన్ను ఫొటో అడగలేదు. మర్నాడు పెట్టె దగ్గరికి వెళ్లి చూస్తే లెన్‌కి ఎడమవైపు పాపిడి తీసి ఉంది. హైస్కూలు రోజుల్లో అలా దువ్వేవాడట. నాకు తెలిసిన లెన్ పదేళ్లుగా వెనక్కి దువ్వేవాడు. మూడు వందల మంది వచ్చి చూశారు, ఎవరూ ఏమీ అనలేదు. నేనూ అనలేదు. అలా నాకు సరిగ్గా తెలియని మనిషిని సమాధి చేసి ఇంటికి వచ్చాను.

జనవరిలో యూనివర్సిటీ నుంచి లెన్ మార్కుల కాగితం వచ్చింది. రెండు ఏ గ్రేడులు, ఒక బి. కోర్సుల పేర్లు లేవు, అంకెలే ఉన్నాయి. పాప్ దానికి చట్రం కట్టించి కింద ఆఫీసు గదిలో, జనం కూర్చుని శవపేటికలు ఎంచుకునే బల్ల ఎదురుగా తగిలించాడు. అక్కడితో ఆగలేదు. ఆ ఇంట్లో వేడిగాలి గొట్టాలు కింది నుంచి పైకి పోతాయి. కింద మాట్లాడితే మా వంటింట్లో వినపడుతుంది. బంగాళదుంపలు చెక్కు తీస్తూ నేను రోజూ వినేదాన్ని. మా వాడు యూనివర్సిటీలో ఇదే చదివాడమ్మా అనేవాడు పాప్ వచ్చినవాళ్లతో. మా లెన్ చెప్పేవాడు, ఏడ్చేవాళ్లని ఏడవనివ్వాలి, మధ్యలో మాట్లాడకూడదు అని. మా లెన్ చెప్పేవాడు, మంచినీళ్ల గ్లాసు ముందు పెట్టాలి, తాగమని అడగకూడదు అని.

లెన్ ఇవేవీ చెప్పలేదు. లెన్ చెప్పిందల్లా కప్ప గుండెకు మూడు గదులుంటాయని, వానపాముకి అయిదు జతల గుండెలున్నట్టేనని. కానీ రోజూ వింటూ ఉంటే నాకే అనుమానం వచ్చేది, ఎప్పుడైనా అన్నాడేమోనని. కింది అంతస్తులో నేనెరగని లెన్ ఒకడు తయారవుతున్నాడు. వాడికి ఎడమ పాపిడి. వాడు వాళ్ల నాన్న పనిని ప్రేమిస్తాడు, ఎక్కడికీ పోడు. ఒక రోజు మెట్లు దిగుతూ ఆఫీసు గది తలుపు సందులోంచి చూస్తే వాడు అక్కడ కూర్చుని ఉంటాడేమో అనిపించి, పైకి వచ్చేశాను. నిజంగా భయమేసింది.

ఒక సంగతి మాత్రం ఒప్పుకోవాలి. పాప్ అంతకుముందు అలాంటి మనిషి కాదు. ఎవరైనా ఏడిస్తే చేతిరుమాలు ఇచ్చి, ధరల కాగితం ముందుకు తోసేవాడు. ఆ చలికాలంలో మారిపోయాడు. మార్చిలో ఒక తల్లి వచ్చింది, నాలుగేళ్ల కూతురు న్యుమోనియాతో పోయింది. పాప్ ఆమె ఎదురుగా గంటన్నర ఏమీ అనకుండా కూర్చున్నాడు. నేను పైన పొయ్యి ఆపేసి నిలబడ్డాను. ఆమె వెళ్లేటప్పుడు, మీ అబ్బాయి మంచి చదువు చదివాడండీ అంది. అవునమ్మా అన్నాడు పాప్.

లెన్ చదువు ఖర్చులు పన్నులో మినహాయించుకోవాలన్న ఆలోచన పాప్‌దే. ఫీజు రసీదులు, పుస్తకాల బిల్లులు, పెట్రోలు చీటీలు అన్నీ లెన్ ఒక బూట్ల పెట్టెలో వేసేవాడు. పాప్ వాటిని తేదీల వారీగా సర్ది రబ్బరు బ్యాండు వేశాడు. పని కోసం చదివిన చదువు కాబట్టి సర్కారు ఒప్పుకు తీరాలన్నాడు. డబ్బు కోసం కాదు. అచ్చు వేసిన కాగితం మీద తన కొడుకు ఈ పని కోసమే చదివాడని ఉండాలి, అది ప్రభుత్వం కళ్లతో చూసి సరేనని ఊరుకోవాలి. అంతే ఆయన కోరిక. నాకు అర్థమైంది. అర్థం కాకపోయుంటే నా పని సులువయ్యేది.

అల్వా ట్రెక్స్‌లర్ ఏటా ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య దాకా అగ్నిమాపక కేంద్రం హాల్లో మడత బల్ల వేసుకుని ఊళ్లో సగం మందికి పన్ను కాగితాలు రాసేవాడు. ఒకదాని మీద ఒకటి రెండు స్వెటర్లు వేసుకుని, చెవి మీద పెన్సిలు పెట్టుకుని కూర్చునేవాడు. ఈస్టరుకి ముందు ఉపవాసాల రోజుల్లో శుక్రవారాలు చర్చి ఆడవాళ్లు అదే హాల్లో అవతలి మూల, పిండిలో బంగాళదుంప కూరి చేసే పిరోగీలు అమ్ముతారు. మేము వెళ్లిన రోజు శుక్రవారమే. ఉడికిన బంగాళదుంప, వెన్నలో వేగుతున్న ఉల్లిపాయ వాసన హాలంతా కమ్మేసింది.

"కొలతలు తీసుకోడానికి వచ్చావా ఏంటి స్టీవ్? ఇంకో రెండేళ్లు ఆగు" అన్నాడు ట్రెక్స్‌లర్.

నీ పొడుగుకి చెక్క దొరకదులే, ముందు కాగితాలు చూడు అన్నాడు పాప్. నలభై ఏళ్ల స్నేహం వాళ్లది. వారానికోసారి పేకాట. ట్రెక్స్‌లర్ భార్యని సాగనంపింది కూడా మా కింది గదిలోంచే. బూట్ల పెట్టె తెరిచి రసీదులన్నీ చూశాడు. మొత్తం మూడు వేల ఆరు వందల నలభై డాలర్లయింది. మినహాయింపు దొరికితే పన్నులో తొమ్మిది వందల దాకా వెనక్కి వస్తుందన్నాడు. నాకది రెండు నెలల జీతం. అప్పుడు పెన్సిలు చెవి మీద నుంచి తీశాడు.

"ఒకటే ప్రశ్న. ఈ చదువు లెన్ చేస్తున్న పనిలో చేయి తిరగడానికా, లేక కొత్త పనిలోకి వెళ్లడానికా? ఉన్న పనికైతే ఖర్చంతా రాసుకోవచ్చు. కొత్త వృత్తికి అర్హత తెచ్చే చదువైతే ఒక్క సెంటు కూడా ఇవ్వరు."

పాప్ వెంటనే అందుకున్నాడు. ఉన్న పనికే, ఊరందరికీ తెలుసు కదా అన్నాడు. మార్కుల కాగితం కూడా కోటు జేబులోంచి తీశాడు, చట్రంలోంచి ఊడదీసి తెచ్చాడు. ట్రెక్స్‌లర్ దాన్ని చూసి, పాప్‌ని కాకుండా నన్ను చూశాడు.

"సంతకం పెట్టేది బెర్నడీన్. అబద్ధమైతే శిక్షకి సిద్ధమని ఒప్పుకుంటూ పెట్టే సంతకం. ఆ అమ్మాయి చెప్పాలి."

పిరోగీల దగ్గర ఆడవాళ్లు పిండి అంచులు నొక్కుతూ మావైపే చూస్తున్నారు. పాప్ కూడా చూస్తున్నాడు. ఆ చూపులో అనుమానం లేదు. బతిమాలుతున్నట్టుంది. యూనివర్సిటీ నుంచి కోర్సు వివరాలతో ఒక ఉత్తరం తెస్తాను అన్నాను. ట్రెక్స్‌లర్ సరేనని, మిగతా గడులు పెన్సిలుతో నింపి పెట్టుకున్నాడు. ఇంటి ముందు కారు దిగాక పాప్, ఉత్తరం తేవడానికి నేను కూడా రానా అని అడిగాడు. వద్దు పాప్, నేను వెళ్లొస్తా అన్నాను.

వారం తరువాత ఫ్యాక్టరీలో ఒక పూట సెలవు పెట్టి వెళ్లాను. లెన్ ఎప్పుడూ వెళ్లిన దారే. వంతెన దగ్గర ఇనుప కంచెకి కొత్త ముక్క వేశారు, దానికింకా రంగు వేయలేదు. నెమ్మదిగా పోనిచ్చాను. వెనక లారీవాడు హారన్ కొట్టాడు. యూనివర్సిటీ ఆఫీసులో కిటికీ అవతల ఉన్నావిడ లెన్ పేరు అడిగి, సొరుగులోంచి వివరాల కార్డు తీసి, ఆయన్నే వచ్చి సంతకం పెట్టమనండి అంది. ఆయన రాలేడు, పోయాడు అని చెప్పాను. ఆమె కార్డుని చూసింది, నన్ను చూసింది. మా దగ్గర ఇంకా చదువుతున్నట్టే ఉందండీ అంది. జూన్‌లో పట్టా తీసుకునేవాళ్ల జాబితాలో కూడా పేరుంది, కొట్టేయమంటారా అని అడిగింది.

ఇవాళ వద్దు అన్నాను. అక్కడొక లెన్ జూన్ కోసం ఎదురు చూస్తున్నాడు. వాడు వెనక్కి దువ్వుకుంటాడు. వాణ్ణి నా నోటితో చంపడానికి మనసు రాలేదు.

ఆమె ఉత్తరం టైపు చేసి ఇచ్చింది. మూడే వరుసలు. ఉన్నత పాఠశాలలో జీవశాస్త్ర బోధన, రాష్ట్ర ఉపాధ్యాయ ధ్రువపత్రానికి అర్హత ఇచ్చే కోర్సు అని ఉంది. దాన్ని ఇంటికి తెచ్చి కుట్టుమిషను మూత కింద పెట్టాను. ఉత్తరం వచ్చిందా అని పాప్ అడిగితే పోస్టులో పంపుతారట అన్నాను. మరో వారం తరువాత అడిగితే ఇంకా రాలేదన్నాను. పోస్టు తెచ్చేది రోజూ పాపే. ఆయన ఇంకేమీ అడగలేదు.

ఉత్తరం అక్కర్లేకుండా పని జరిగే దారి ఒకటుంది. ట్రెక్స్‌లర్ ఫోన్ చేసి చెప్పాడు, ఉత్తరం దొరక్కపోతే నువ్వే నీ చేత్తో నాలుగు మాటలు రాసివ్వు, చాలు అని. వంటింటి బల్ల మీద కాగితం పెట్టుకుని మూడు సార్లు మొదలుపెట్టాను. నా భర్త తాను చేస్తున్న పనిలో నైపుణ్యం పెంచుకోవడానికే చదివాడు. ఆ ఒక్క వాక్యం రాస్తే తొమ్మిది వందల డాలర్లు వస్తాయి, ముసలాయనకి కొడుకు మిగులుతాడు, ఏడుస్తూ వచ్చేవాళ్లందరికీ కింద ఒక మంచి మనిషి ఎదురుగా కూర్చుంటాడు. నష్టపోయేది ఎవరు? లెన్ ఒక్కడే. వాడికిక నష్టమేముంది అనుకున్నాను. అనుకుని కలం పట్టాను. పట్టగానే గొట్టంలోంచి పాప్ మాట వినిపించింది, మా లెన్ చెప్పేవాడు అని. నా చేయి ఆగిపోయింది. ఈ కాగితం మీద కూడా రాసేస్తే ఇక అసలు లెన్ ఎక్కడా ఉండడు, నా తలలో తప్ప. నా తలలో ఎన్నాళ్లుంటాడో నాకే నమ్మకం లేదు. అప్పటికే ఆ పాపిడి ఒక్కోసారి కళ్లముందు ఎడమవైపుకి వచ్చేస్తోంది.

పైగా అది నేను చెప్పాల్సిన మాట. నవంబరులో నన్ను చెప్పమన్నాడు. నేను చెప్పుంటే, తిట్లో కేకలో అన్నీ నవంబరులోనే అయిపోయేవి. లెన్ దొంగలా బతికి దొంగలా పోయేవాడు కాదు. ఆ సంగతి ఎన్ని రాత్రులు ఆలోచించానో చెప్పలేను. ఆలోచించినకొద్దీ వాడి మీద కోపం కూడా వచ్చేది. నీ నోరేమైంది, ముప్పై మూడేళ్లవాడివి అని ఖాళీ కుర్చీని తిట్టేదాన్ని.

గడువుకి నాలుగు రోజుల ముందు ట్రెక్స్‌లర్ మమ్మల్ని రమ్మన్నాడు. గురువారం మధ్యాహ్నం. మర్నాటి అమ్మకం కోసం అవతలి మూల ఇద్దరు ఆడవాళ్లు పిండి కలుపుతున్నారు. పాప్ నల్లకోటు వేసుకుని వచ్చాడు, చావులకి వేసుకునేది. బల్ల మీద రిటర్ను సిద్ధంగా ఉంది. పైన "మరణించారు" అని సిరాతో రాసి ఉంది. మినహాయింపు వరుస ఒక్కటే ఖాళీ. నేను చేతిసంచీలోంచి ఉత్తరం తీసి ట్రెక్స్‌లర్‌కి ఇచ్చాను.

"కొత్త వృత్తి" అన్నాను.

ట్రెక్స్‌లర్ ఉత్తరం చదివాడు. మూడు వరుసలు చదవడానికి చాలాసేపు పట్టింది. తరువాత ఆ ఖాళీ వరుసలో సున్నా వేశాడు. బూట్ల పెట్టె మూత మూసి పక్కకి జరిపాడు. నేను పాప్ వైపు చూడలేకపోయాను. బల్ల మీద గీతలు చూస్తూనే చెప్పాను. టీచరవడానికి చదివాడని, జూన్‌లో ఇద్దరం వెళ్లిపోదామనుకున్నామని, నవంబరులో నన్ను చెప్పమంటే నేను చెప్పలేదని. చెప్పడం మొదలుపెట్టాక ఎక్కడ ఆపాలో తెలియలేదు. పిండి కలిపే చప్పుడు ఆగింది.

"ఇప్పుడు చెప్పావుగా" అన్నాడు పాప్.

గొంతులో కోపం లేదు. నేను తలెత్తి చూశాను. ఆయన తన కోటు కుడిచేతి అంచు పట్టుకుని చూసుకుంటున్నాడు.

"ఆ రోజు వాడి కోటు విప్పింది నేనే బెర్నీ. కుడిచెయ్యి మోచేతి దాకా తెల్లగా ఉంది. సుద్ద. మంచులో తడిసినా పోలా. కూచుని వినేవాడికి సుద్ద ఎందుకంటుద్ది? బోర్డు ముందు నించుని రాసేవాడికే అంటుద్ది."

అయితే మీకు అప్పటినుంచీ తెలుసా అని అడిగాను.

"తెలియకుండా ఉందామనే అందరికీ అట్టా చెప్పుకుంటా వచ్చా. చెప్తా ఉంటే నిజమే అనిపించేది."

ట్రెక్స్‌లర్ కళ్లద్దాలు తీసి స్వెటర్ అంచుతో తుడుచుకోవడం మొదలుపెట్టాడు. ఎంతకీ ముగించలేదు. ఆ రోజు లెన్ ఒక స్కూల్లో మొదటిసారి నిజమైన పిల్లల ముందు పాఠం చెప్పాడని నేను పాప్‌కి చెప్పాను. కప్ప గుండె గురించి. వారం రోజులు వంటింట్లో నా ముందు నిలబడి సాధన చేశాడు. ఈ గోడకి ఆ గోడకి నడుస్తూ, గరిటె చేత్తో పట్టుకుని.

"ఎట్టా చెప్పాడంట?" అన్నాడు పాప్.

"తెలీదు పాప్. ఇంటికి రాలేదుగా."

ఆయన తల ఊపాడు. కళ్లు చిన్నవి చేశాడు. ఒక శవాన్ని చూసి ఏం జరిగిందో పోల్చుకునేటప్పుడు అలాగే చేసేవాడు.

"మోచేతి దాకా అంటిందంటే బోర్డు నిండా రాసుంటాడు. బాగానే చెప్పుంటాడు."

నాలుగు నెలలుగా నేను ఏడవలేదు. అప్పుడు ఏడ్చాను, చర్చి ఆడవాళ్ల ముందు, ట్రెక్స్‌లర్ కాగితాల మీద వంగి. పాప్ నా పక్కన కూర్చునే ఉన్నాడు. ఏమీ మాట్లాడలేదు, ఆపమని కూడా అనలేదు. పిండి చేతులతోనే ఒకావిడ వచ్చి మంచినీళ్ల గ్లాసు పెట్టి వెళ్లింది.

నేను ముక్కు తుడుచుకున్నాక ట్రెక్స్‌లర్ రిటర్నుని మావైపు తిప్పాడు. సంతకాలు రెండు చోట్ల అని వేలితో చూపించాడు. నేను కలం అందుకోబోతుంటే పాప్ ఆగమన్నాడు. కాగితం మీద లెన్ పేరుకి సంబంధించిన ఒక చిన్న గడి మీద వేలు పెట్టాడు. అక్కడ వృత్తి రాయాలి. మొదటిసారి వెళ్లినప్పుడే ట్రెక్స్‌లర్ పెన్సిలుతో ఫ్యూనరల్ డైరెక్టర్ అని రాసి పెట్టుకున్నాడు.

"అది చెరిపెయ్యి. టీచరని రాయి."

ట్రెక్స్‌లర్ కళ్లద్దాలు పెట్టుకున్నాడు. కాలేదు కదా స్టీవ్, డిసెంబరు దాకా నీ దగ్గరే జీతం తీసుకున్నాడు కదా అని మెల్లిగా అన్నాడు.

"ఆ గడి మారిస్తే పన్ను మారుద్దా?"

"మారదు."

"మరింకేం?"

ట్రెక్స్‌లర్ నా వైపు చూశాడు, సంతకం నాది కాబట్టి. నేను రాయమన్నాను. ఆయన రబ్బరుతో నెమ్మదిగా చెరిపాడు, కాగితం చిరగకుండా. పెన్సిలు పక్కన పెట్టి కలం తీసుకుని రాశాడు. పాప్ కాగితం తన వైపు తిప్పుకుని, వేలు కింద పెట్టి, ఆ మాట పైకి చదివాడు. ఇంకోసారి చదివాడు. తరువాత కాగితం నా ముందు పెట్టి కలం ఇచ్చాడు. నేను రెండు చోట్లా సంతకం చేశాను, ఒకటి నా చోట, ఒకటి లెన్ చోట బతికున్న భార్యనని రాసి.